వడగాడ్పుల నుంచి శ్రామికుల రక్షణకు ముందస్తు సన్నద్ధత

సూర్యాపేట: జిల్లాలోని తుంగతుర్తి, తిరుమలగిరి, నూతన్‌కల్ మండలాలు ఒకప్పుడు కరువు ప్రాంతాలుగా పేరొందాయి. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల ద్వారా నీరు చేరడంతో యాసంగి వరి సాగు విస్తరించింది. ఆ పంట ఏప్రిల్, మే మాసాల్లో కొనుగోలు కేంద్రాలకు చేరుతుంది. తేమ 17 శాతానికి మించరాదన్న నిబంధన మేరకు రైతులు ధాన్యాన్ని ఆరబెట్టి రోజుల తరబడి కాపలా ఉంటారు. హమాలీలు మండుటెండలోనూ బస్తాలు మోస్తారు. ధాన్యానికి అవసరమైన ఎండే మనిషికి ప్రాణాంతకమవుతున్నది.

2015 వేసవిలో తెలంగాణలో వడదెబ్బకు 500 మందికి పైగా మరణించారు. 2016లో రాష్ట్ర ప్రభుత్వం వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికను రూపొందించింది. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు సహాయాన్ని రూ.50 వేల నుంచి రూ.4 లక్షలకు పెంచింది.

అయితే ఈ సహాయం మరణ కారణ నిర్ధారణపై ఆధారపడి ఉంటుంది. చేనులో కుప్పకూలిన కూలీకి శవపరీక్ష జరగకుండానే అంత్యక్రియలు పూర్తయితే కారణం రుజువు కావడం కష్టం. కావున కుటుంబ సభ్యులు తహసీల్దారుకు, పోలీసులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెంటనే తెలియజేయవలసి ఉంది.

పరిహారం కన్నా నివారణ ముఖ్యం. కొనుగోలు కేంద్రాల్లో నీడ, తాగునీరు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కోతలకు ముందే సమకూరాలి. బస్తాల ఎత్తుడు ఉదయం, సాయంత్రం వేళలకు పరిమితం కావాలి. వాతావరణ శాఖ హెచ్చరికను గ్రామ పంచాయతీ చాటింపు ద్వారా కూలీలకు తెలపాలి. స్పృహ తప్పిన వారికి నీరు తాగించక, శరీరాన్ని తడిగుడ్డతో చల్లబరచి, 108 వాహనాన్ని పిలవాలి. తొలి నిమిషాల్లో తోటివారు చూపే అప్రమత్తతే ప్రాణాన్ని నిలుపుతుంది.