రేకు కోతకి గ్రైండర్ చివర్న రావాలి

మన పొలాల దగ్గర ఈమధ్య గ్రైండర్ లేని షెడ్డు కనిపించట్లేదు. మంచిదే. యాంగ్లర్లు, పైపులు, పాత బోల్టులు కొయ్యాలంటే దాన్ని మించింది లేదు. కానీ రేకు పని అనగానే కూడా చెయ్యి దాని మీదికే పోతోంది చూశారా, అక్కడే నాకు పేచీ. పల్చటి రేకుకి గ్రైండర్ మొదటి పనిముట్టు కాదండీ, మిగతావేవీ కుదరనప్పుడు తీసేది.

అసలు మనకుండే రేకు పని ఏంటి? కొట్టం పైరేకు సైజు చెయ్యడం, విత్తనాల డబ్బాకి మూత, గాదె కాళ్లకి ఎలుకలు ఎక్కకుండా గరాటు రేకు, ఘనజీవామృతం జల్లెడకి చట్రం. (జీవామృతం కలపడానికి మాత్రం రేకు డ్రమ్ము వద్దు. గోమూత్రం తగిలితే జింకు పూత ఎక్కువ కాలం నిలవదు. ప్లాస్టిక్ డ్రమ్మో, సిమెంటు తొట్టో చాలు.) ఈ పనుల్లో ఎక్కువ భాగం 20 నుంచి 26 గేజు రేకుతోనే అయిపోతాయి. గేజు నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. 24 గేజు అంటే సుమారు అర మిల్లీమీటరు, 18 గేజు 1.2 మిల్లీమీటర్లు.

గ్రైండర్ రేకుని కత్తిరించదు, అరగదీసి కాలుస్తుంది. 4 అంగుళాల మిషను నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు తిరుగుతుంది. జింకు 419 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి కోసిన అంచున పూత పోయి, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. రంగు రేకుల సంగతి ఇంకా ఘోరం. ఎగిరిన రవ్వలు రంగులోకి దిగి అతుక్కుంటాయి. మొదటి వానకి రేకంతా గోధుమరంగు చుక్కలు లేస్తాయి. రేకు నాసిరకమని షాపు మీద గొడవకి పోతాం గానీ, ఆ చుక్కలు మన గ్రైండర్ పెట్టినవే.

ఇక నిప్పు. రవ్వలు మీటర్ల దూరం పోతాయి. పక్కన వరిగడ్డి వాము, ఎండిన ఆచ్ఛాదన, పైన తాటాకు పాక, మనవన్నీ అంటుకునేవే. పని అయిపోయాక కూడా గడ్డిలో పడ్డ రవ్వ లోలోపల రాజుకుంటూ ఉండొచ్చు. మూత బిగించి ఉన్న పాత ఆయిలు డ్రమ్ము, థిన్నర్ డ్రమ్ము మీద గ్రైండర్ అసలే పెట్టకండి. ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరికి ఒక్క రవ్వ తగిలితే డ్రమ్ము పేలుతుంది. పురుగుమందు డ్రమ్ము గురించి మనలో మనం చెప్పుకోవాల్సిన పనే లేదు.

మరి ఏం కొనాలి? ముందుగా మంచి రేకు కత్తెర. పచ్చ పిడి కుడివైపు వంపుకి, ఎర్ర పిడి ఎడమవైపు వంపుకి, పసుపు పిడి తిన్నగా కొయ్యడానికి. కరెంటు అక్కర్లేదు. నెలలో రెండు రేకులు కోసే రైతుకి ఇదే చాలు, మిషను దండగ.

పని ఎక్కువగా ఉంటే నా ఓటు నిబ్లర్‌కే. డ్రిల్ మిషనుకి బిగించుకునే అటాచ్‌మెంటు దొరుకుతుంది. ఇది రేకుని చిన్న చిన్న నెలవంక ముక్కలుగా కొరుక్కుంటూ పోతుంది. నిప్పు రాదు, పూత కాలదు, రేకు వంకర తిరగదు. అలల రేకు మీద కూడా సాఫీగా పోతుంది, వీడియోలో కోసి చూపించింది అదే. కొనేముందు మామూలు ఇనుముకి ఎంత మందం, స్టెయిన్‌లెస్‌కి ఎంత మందం అని రాశారో రెండూ చూడండి. స్టెయిన్‌లెస్‌కి తక్కువే ఉంటుంది. డ్రిల్ ఎంత స్పీడు తిరగాలో కూడా దాని మీదే ఉంటుంది, మీ డ్రిల్‌తో సరిచూసుకోండి. రేకు మధ్యలో కన్నం కావాలంటే ముందు ఒక బెజ్జం వేసి, దాంట్లోంచి మొదలుపెట్టాలి.

జిగ్‌సా ఇప్పటికే ఉంటే దానికి సన్న పళ్ల లోహం బ్లేడు వెయ్యండి. చెక్క బ్లేడు వేస్తే రేకుని పట్టి ఎగరేస్తుంది. కింద పాత ప్లైవుడ్ పెట్టి క్లాంపు బిగిస్తే ఊగదు. గ్రైండర్‌కి చెక్క రంపం బ్లేడు బిగించే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. అది వేళ్లు పోగొట్టుకునే పని. ఏ మిషను పట్టినా కళ్లద్దాలు పెట్టుకుని, మెడలో తువ్వాలు తీసెయ్యండి, లుంగీ కొస దోపుకోండి.

నిబ్లర్‌తో ఒక ఇబ్బంది ఉంది. అది రాల్చే ముక్కలు సూదుల్లా ఉంటాయి, కాళ్లలో దిగుతాయి. కత్తెర వదిలే సన్నటి పీలికలూ, తీగ ముక్కలూ ఇంకా ప్రమాదం. ఆవు మేతని మనలా నమిలి ఏరుకోదు, గబగబా మింగేస్తుంది. మేతతో పోయిన ఇనప ముక్క పొట్ట రెండో అరలో ఆగిపోతుంది. అక్కడినుంచి గుండె దగ్గరే. పొడుచుకుందంటే ఆవు మేత మానేస్తుంది, పాలు పడిపోతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. మన వ్యవసాయమంతా ఆ ఆవు మీదే కదా నడిచేది. అందుకే రేకు పని కొట్టానికి, మేత తొట్టికి దూరంగా పెట్టుకోండి. కింద టార్పాలిన్ పరిచి, అయ్యాక నాలుగు కొసలూ పట్టి ఎత్తి తట్టలో పొయ్యండి. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం కర్రకి కట్టి నేలంతా ఒకసారి తిప్పండి. అల్యూమినియం రేకుని, చాలా రకాల స్టెయిన్‌లెస్‌ని అది పట్టదు, వాటికి టార్పాలినే దిక్కు.