రచ్చబండ దగ్గర కొత్తమనిషి

పల్నాటి ఊళ్లలో రచ్చబండ దగ్గర దారినపోయే మనిషి ఆగి ఏదన్నా చెప్పబోతే ముందు ఒకటే ప్రశ్న. ''ఎవరి తాలూకు నాయనా? ఏ ఊరు?'' అది తేలాకే మాట వింటారు.

తెలుగు వికీపీడియాలో కూడా రచ్చబండ ఉంది. సభ్యులు మాట్లాడుకునే పేజీకి పెట్టుకున్న పేరే అది. 2003 డిసెంబర్‌లో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో తప్పు దిద్దడానికి సభ్యత్వం అక్కర్లేదు. పేరు చెప్పకపోయినా మీరు దిద్దింది అప్పటికప్పుడే లోకానికి కనిపిస్తుంది. తర్వాత ఎవరో ఒకరు చూస్తారు, నచ్చకపోతే ఒక్క నొక్కుతో రద్దు చేస్తారు.

ఇందులో చిక్కేమిటో చూడండి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చింది. అంతవరకూ గుంటూరు జిల్లాలో ఉన్న బొల్లాపల్లి మండలం పల్నాడులోకి మారింది. అక్కడి కుర్రాడొకడు ఏదో పేజీలో ఇంకా 'గుంటూరు జిల్లా' అని ఉండటం చూసి, ఫోన్లోనే 'పల్నాడు' అని మార్చాడనుకుందాం. కారణం రాయలేదు, ఆధారం ఇవ్వలేదు. అడిగితే ''మా ఎమ్మార్వో ఆఫీసు బోర్డు మీదే ఉంది కదండీ'' అంటాడు. అవతల హైదరాబాదులోనో అమెరికాలోనో ఒక స్వచ్ఛంద సభ్యుడు, ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చి, రాత్రి పదకొండింటికి 'ఇటీవలి మార్పులు' తిరగేస్తుంటాడు. అదే జాబితాలో ఎవడో తమ నాయకుడికి లేని బిరుదు తగిలించాడు, ఇంకొకడు షాపు ఫోన్ నంబరు అతికించాడు. పేరులేని మార్పులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఆ విసుగులో కుర్రాడిది కూడా ఎగిరిపోతే? వాడు మళ్లీ రాడు.

జర్మన్ వికీపీడియా 2008 నుంచి కొత్తవాళ్ల మార్పుల్ని ఎవరో ఒకరు చూసేదాకా పాఠకులకు చూపించకుండా ఆపుతోంది. పోర్చుగీసువాళ్లు 2020లో ఖాతా లేనివాళ్లని వ్యాసాలు ముట్టుకోనివ్వడమే మానేశారు. లినక్స్ కెర్నల్ రాసేవాళ్ల మెయిలింగ్ లిస్టు దీనికి తిరకాసు. సభ్యుడు కానివాడు కూడా దానికి ఉత్తరం రాయొచ్చు. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. లోపం ఎవరి మెషీన్లో బయటపడుతుందో ముందే ఎవరికి తెలుసు? 'ముందు సభ్యత్వం తీసుకో' అంటే సగంమంది చెప్పకుండానే పోతారు.

నేను పోయాను కాబట్టి చెబుతున్నా. ఓ తెలుగు ఫాంటులో వత్తు పక్కకి జారుతోందని ఒక బృందానికి రాశాను. ''మీరు సభ్యులు కారు, మీ ఉత్తరం అనుమతి కోసం ఆగివుంది'' అని జవాబు, అదీ మిషను పంపింది. మూడు నెలలు చూశాను. మనిషి పలకలేదు. స్పాము కుప్పలో నా వత్తు ఎక్కడో పడి ఉంటుంది. ఆ కాపలాదారుకి జీతం లేదు, సెలవు లేదు, తిట్టబుద్ధి కాలేదు. అలాగని రెండో ఉత్తరం కూడా రాయలేదు.

అందుకే ఆ రాత్రి పదకొండింటి సభ్యుడికి నాదో విన్నపం. బూతులు, ప్రకటనలు నిమిషంలో తీసేయండి. ఊరి సంగతి దిద్దిన పేరులేని మార్పు కనిపిస్తే మాత్రం, రద్దు నొక్కే ముందు చర్చ పేజీలో ఒక్క ముక్క రాయండి. ''మీది బొల్లాపల్లేనా బాబూ? ఇది ఎక్కడ చూశారు?''