కార్బురేటరు స్ప్రింగు: చిన్న తీగ, పెద్ద భారము



పాత మోటారుబండి గల యిండ్లలో దాని పోషణము పురుషుల పనియనియు, ఎక్కి కూర్చుండుటయే మన పనియనియు తలచుట వాడుక. కాని బిడ్డలను వెంటబెట్టుకొని మన మెక్కు బండిలో ఏ భాగ మెట్లు పనిచేయునో కొంత యెఱిగియుండుట మనకును అవసరమే. ఈ మాసము కార్బురేటరునకు తగిలించు చిన్న స్ప్రింగును గూర్చి ముచ్చటింతము.

పశ్చిమ వంగదేశమందలి ఉత్తరపారాలో అంబాసిడరు కార్ల నిర్మాణము 2014వ సంవత్సరమున నిలిచిపోయినది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మాదిరిగా వచ్చిన యా బండ్లను ప్రేమతో కాపాడుకొను కుటుంబము లిప్పటికిని కలవు. అట్టి పాత పెట్రోలు బండ్లలో గాలియు పెట్రోలును కలిసి కార్బురేటరు గుండ ఇంజనులోనికి బోవును. ఆ త్రోవలో సీతాకోకచిలుక రెక్కవలె తిరుగు పలుచని రేకు కలదు. దానినే థ్రాటిలందురు. పాదముతో యాక్సిలరేటరు నొక్కినపుడు ఆ రేకు తెఱచుకొని ఇంజను వడి హెచ్చును. పాదము తీసినపుడు దానిని వెనుకకు లాగి మూయునది యీ స్ప్రింగే. కఠోపనిషత్తు శరీరమును రథముగను, మనస్సును పగ్గముగను జెప్పినది. పగ్గము తెగిన గుఱ్ఱ మెట్టిదో, స్ప్రింగు తెగిన ఇంజనును అట్టిదే.

గడచిన వర్షకాలమున మా యింటివారు బడినుండి వచ్చుచుండగా మా బండి స్ప్రింగు కొక్కెము విఱిగినది. పాదము తీసినను ఇంజను హోరు తగ్గలేదు. ముందు బడిపిల్లలు నడచుచుండిరి. వారు తొట్రుపడక క్లచ్చి నొక్కి, స్విచ్చి కట్టివేసి, బ్రేకు బలముగా నదిమి బండిని త్రోవ ప్రక్కన నిలిపిరి. కొన్ని బండ్లలో తాళముచెవిని పూర్తిగా వెనుకకు త్రిప్పి లాగినచో స్టీరింగు బిగిసికొనును గాన, ఇంజను ఆగునంతవఱకే త్రిప్పవలెను.

క్రొత్త స్ప్రింగు తగిలించుటకు ముందు ఇంజను చల్లారవలెను. దగ్గఱ నిప్పు ఉండరాదు. పాత స్ప్రింగు లేకుండ యాక్సిలరేటరు కడ్డీలను చేతితో కదల్చి చూడవలెను. ఎక్కడనైన పట్టుచున్నచో తుడిచి నూనె వేయవలెను. బిగిసిన కీలును గట్టి స్ప్రింగుతో లాగించుట రోగమును కప్పుటయే గాని మాన్పుట కాదు.

స్ప్రింగు పొడవును, బిగువును పాతదానితో సరిపోవలెను. థ్రాటిలు పూర్తిగా మూసియున్నపుడును దానియందు కొంత లాగుడు మిగిలియుండవలెను. పూర్తిగా తెఱచినపుడు చుట్టలు సాగి చెడిపోరాదు. మిక్కిలి గట్టిదైనచో నడుపువారి కాలు నొచ్చును. అది అడ్డముగా లాగినచో థ్రాటిలు ఇరుసు అరిగి, ఆ సందున గాలి చొచ్చి, ఇంజను నిలకడగా తిరుగదు. రెండవ కొనను కదలని యినుప పట్టీకి తగిలింపవలెను. పెట్రోలు గొట్టమునకు తగిలింపరాదు. కొక్కెము లూడిపోకుండ వంచవలెను. వేడి పొగగొట్టమునకు దవ్వుగా నుంచవలెను. కొందఱు రబ్బరుముక్క కట్టుదురు. వేడికి, నూనెకు అది త్వరలో చెడును. స్థలమున్నచో రెండు స్ప్రింగులు మేలు: ఒకటి తెగినను రెండవది కాపాడును.

పిమ్మట ఇంజను నడుపకయే ఒకరు యాక్సిలరేటరు నొక్కుచుండగా మఱియొకరు కార్బురేటరు కడ చూడవలెను. ఈ రెండవ పని మనము చక్కగా చేయగలము. సగము నొక్కినను, పూర్తిగా నొక్కినను, విడిచిన వెంటనే థ్రాటిలు తడబడక మూసికొనవలెను. అట్లు మూసికొనని బండిని త్రోవమీదికి తీయనీయకుడు. ఇంజను నూనె చూచు ప్రతి పర్యాయము ఆ కొక్కెములపై త్రుప్పు గాని, బీట గాని కలదేమో చూచుచుండుడు. అందులకు పట్టునది నిమిషమైనను లేదు.