ఆపరేషన్ రూపాయి, మంచినీళ్ల రూపాయి

డిగ్రీ మొదటి సంవత్సరం ఎకనామిక్స్ పుస్తకంలో మనమంతా చదువుకున్న పాఠమే ఇది. కోరికలు అనంతం, వనరులు పరిమితం. ఒక రూపాయి ఒకచోట పెడితే ఇంకోచోట పెట్టలేం. అలా వదులుకున్న దాని విలువనే అవకాశ వ్యయం అన్నారు. పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. మరి సర్కారు దవాఖానల బడ్జెట్ వేసేటప్పుడు ఈ ప్రశ్న అడిగేవాడేడి?

నల్లగొండనే చూద్దాం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతంలో బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన వాళ్లను మనం కళ్లారా చూశాం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగితే ఎముక వంగుతుంది. ఒకసారి వంగిన ఎముకను మళ్లీ మామూలు చేసే మందు లేదు. ఎంత పెద్ద కార్పొరేట్ దవాఖానకు పోయినా, ఎన్ని లక్షల కార్డు చేతిలో ఉన్నా అంతే. దానికి ఉన్న ఒకే ఒక్క వైద్యం ముందుగానే మంచినీళ్లివ్వడం.

ఈ సంగతి పాలకులకు తెలియక కాదు. నేటి ప్రకాశం జిల్లా పల్లెల్లో ఈ రోగాన్ని 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది నిలబడి దేశం మొత్తానికి వినిపించారు. అయినా 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపులు వచ్చేదాకా ఆ ఊళ్లు ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఎందుకింత ఆలస్యం? కారణం సింపుల్. ఆపరేషన్ చేయించుకున్న రోగి పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. రోగమే రాని పిల్లగాని పక్కన నిలబడితే ఏం ఫొటో వస్తుంది? కనిపించని లాభానికి ఓట్లు రాలవు.

ఇంకో పాఠం బాహ్య ప్రభావాలు. మన ఇంట్ల పిల్లకు టీకా వేయిస్తే పక్కింటి పిల్లకు కూడా రక్షణే. మన గల్లీ మోరీ తీయకపోతే దోమ ఇంటి నెంబర్ అడిగి కుట్టదు. ఇట్లాంటి పనులు మార్కెట్ చేయదు, ఎందుకంటే లాభం ఒక్కడి జేబులో పడదు. సర్కారే చేయాలి. చేసినచోట ఫలితం చూశాం. 2011 జనవరి తర్వాత దేశంలో అడవి పోలియో వైరస్ కేసు లేదు, 2014లో పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ వచ్చింది. అది ఏ కార్పొరేట్ దవాఖాన ఘనత కాదు, ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసిన ఆడబిడ్డల కష్టం.

మూడోది, 1963లోనే కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త చెప్పిన మాట. వైద్యం కూరగాయల బేరం లాంటిది కాదు. వంకాయ పుచ్చా మంచిదా కొనేవానికి తెలుస్తుంది. ఆపరేషన్ అవసరమా కాదా రోగికి తెలియదు. చెప్పేవాడూ, చేసేవాడూ, బిల్లు వేసేవాడూ ఒక్కడే. ఆ బిల్లు సర్కారు కడుతుందంటే ఇక అడిగేదెవరు?

మేం ఆరోగ్యశ్రీకి వ్యతిరేకులం కాదు. గుండె ఆపరేషన్‌కు ఇల్లు అమ్ముకునే కష్టం తప్పిన కుటుంబాలు మన ఊళ్లల్లోనే ఉన్నాయి. మా ప్రశ్న తర్వాతి రూపాయి గురించి. 2007లో 2 లక్షలతో మొదలైన పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నాటికి 10 లక్షలైంది. అంత పెద్ద బిల్లు ఎందరికి పడుతుంది? నెలనెలా బీపీ, షుగర్ గోళీలు కావాల్సినవాళ్లు ఎందరు? ఆ గోళీ అందక కిడ్నీలు చెడిపోతే, డయాలసిస్‌కు మళ్లీ పెట్టాల్సింది ఆ సర్కారు పైసలే. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడంటే ఇదే.

2017 జాతీయ ఆరోగ్య విధానం ఏం చెప్పింది? ఆరోగ్య వనరుల్లో మూడింట రెండు వంతుల దాకా ప్రాథమిక వైద్యానికి పోవాలని, 2020 నాటికి రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలని. గడువు దాటి ఏళ్లు గడిచాయి. అసెంబ్లీలో బడ్జెట్ పెట్టిన రోజు ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు ఈ రెండు అంకెలు అడగాలి. ఈ రూపాయి ఎందరిని కాపాడుతుంది, ఇదే రూపాయి మరోచోట పెడితే ఎందరు బతుకుతారు అని నిలదీయాలి.

నీళ్లు, నిధులు అని రోడ్ల మీద గొంతు చించుకున్నవాళ్లం మనం. ఆ రెండింటినీ కలిపే లెక్క ఇది. లెక్క అడగడం మన హక్కు. అడగకపోతే తప్పు మనదే.