నలభై దాటాక చేతికొచ్చిన కెమెరా



నలభై అయిదేండ్ల మనిషి ఒక రాత్రి భోజనాలయ్యాక, "ఇక నేను ఫొటోలు తీయడం నేర్చుకొని దానిమీదనే బ్రతుకుతాను" అన్నాడనుకుందాము. ఇంట్లో వెంటనే రెండు ప్రశ్నలు పుడతాయి. "ఈ వయస్సులోనా?" అనేది మొదటిది. "పిల్లల ఫీజులు ఎవరు కడతారు?" అనేది రెండవది. మనము సాధారణంగా ఈ రెంటినీ ఒకే గొంతుతో అడిగి ఆ మనిషి నోరు మూయిస్తాము. కాని ఇవి వేర్వేరు ప్రశ్నలు. వేటి జవాబు వాటికున్నది.

మొదటి ప్రశ్నకు జూలియా మార్గరెట్ కామెరన్ అనే దొరసాని జీవితమే జవాబు. ఆమె 1815లో మన దేశములోనే, కలకత్తాలో పుట్టినది. భర్త న్యాయశాస్త్ర పండితుడు, ఆమెకంటే ఇరవై యేండ్లు పెద్దవాడు. వారి కుటుంబము ఇంగ్లండు చేరి, తరువాత వైట్ అనే ద్వీపములో స్థిరపడినది. 1863 చివరలో ఆమెకు నలభై ఎనిమిదేండ్లు. పిల్లలలో కొందరు పెద్దవారైనారు. భర్త సింహళములోని కాఫీ తోటలు చూచుకొనుటకు వెళ్లినాడు. ఒంటరిగా ఉన్న తల్లికి కాలక్షేపముగా ఉంటుందని కూతురు, అల్లుడు ఒక కెమెరా కొనిచ్చినారు.

ఆనాటి ఫొటో పని చాలా కష్టము. గాజు పలకకు మందు పూసి, వెండి ద్రావకములో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకటి గదిలో కడగాలి. చేతులు నల్లబడేవి, బట్టలు మరకలయ్యేవి. ఎదుట కూర్చున్నవారు నిమిషాల తరబడి కదలకూడదు. మొదట్లో ఆమెకు ఈ విద్య ఏమీ తెలియదు. మొట్టమొదట ఆ ఊరి రైతు ఒకరికి గంటకు ఇంతని కూలి ఇచ్చి కూర్చోబెట్టి ఫొటో తీసినది. తడి పలకమీద తన చెయ్యే రాసి, ఆ ఫొటోను తానే చెరిపివేసుకున్నది. అయినా 1864 జనవరిలో ఒక చిన్నపిల్ల ఫొటో చక్కగా కుదిరినది. దానినే తన మొదటి విజయమని వ్రాసుకున్నది. 1879లో సింహళములో కన్నుమూసేలోగా ఆమె తీసిన ఫొటోలు వెయ్యికి పైమాటే. కవి టెన్నిసన్, శాస్త్రవేత్తలు డార్విన్, హెర్షెల్ ఆమె కెమెరా ముందు కూర్చున్నారు. ఇంట్లో పనిచేసే అమ్మాయిని మరియమ్మ తల్లిగా కూర్చోబెట్టి తీసిన ఫొటోలు ఈనాటికీ ప్రసిద్ధమైనవి. ఫొటోలు మసకగా ఉన్నాయని నాటి పత్రికలు ఎగతాళి చేసినా, లండనులోని మ్యూజియము 1865లోనే ఆమె ఫొటోలను కొన్నది.

ఇందులో మనము ముఖ్యముగా గమనించవలసినది ఆమె ఇంటివారిని. బొగ్గుల కొట్టు చీకటి గది అయినది. కోళ్ల గూటిని ఖాళీచేసి స్టూడియో చేసినారు. ఇంట్లో తాజా గుడ్లు నిలిచిపోయినా ఎవరూ సణగలేదట. ముసలి భర్త ఆమె తెచ్చి చూపిన ప్రతి పలకనూ సంతోషముగా చూచేవాడు. తడి పలకలతో ఆమె పరుగెత్తుకొస్తే బల్లమీది గుడ్డలు మరకలతో పాడయ్యేవి. ఆ మరకలను ఆ ఇల్లు భరించినది. నడివయస్సులో పని మొదలుపెట్టినవారికి పట్టుదల ఒక్కటే చాలదు, ఇంటివారు కొంత చోటివ్వాలి.

ఇక రెండవ ప్రశ్న. అమ్మజూపిన ఫొటోలు కామెరన్ కుటుంబపు డబ్బు ఇబ్బందిని తీర్చలేదు. కాబట్టి ఫీజుల సంగతి అడిగే భార్యను తప్పుపట్టవద్దు. ఆ ప్రశ్నకు జవాబు మన హైదరాబాదుతో ముడిపడిన లాలా దీన్ దయాళ్ దగ్గర దొరుకుతుంది. ఆయన 1844లో మీరట్ దగ్గర పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగములో చేరినాడు. 1874లో కెమెరా పట్టినాడు గాని ఉద్యోగము వదలలేదు. జీతము తీసుకుంటూనే సుమారు పదేండ్లు పని నేర్చుకున్నాడు, పేరు తెచ్చుకున్నాడు. నలభై దాటిన తరువాత ముందు సెలవు పెట్టి, ఆ తరువాతే ఉద్యోగము మానినాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాము ఆదరణ పొందినాడు. ఘోషాలోని స్త్రీలకొరకు 1892లో వేరే స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల స్త్రీ చేతికి అప్పగించినాడు. ఇంజనీరు లెక్కకట్టినట్లే ఆయన తన రెండవ బ్రతుకునూ లెక్కకట్టుకున్నాడు.

మన పల్లెల సంగతి చూద్దాము. ఒకప్పుడు మండల కేంద్రములో స్టూడియో పెట్టుకొని, నెగెటివు కడిగి, పెన్సిలుతో దిద్ది బ్రతికినవారికి రంగుల ల్యాబులు రాగానే సగము పని పోయినది. తరువాత డిజిటల్ కెమెరాలు, ఆ తరువాత ఫోనులు వచ్చి మిగిలినదీ పోయినది. అంతటి కొడాక్ కంపెనీయే 2012లో దివాలా రక్షణ కోరినది. ఆ స్టూడియోవారిలో కొందరు యాభై యేండ్లకు కంప్యూటరు ముందు కూర్చొని, కొడుకు వయస్సు కుర్రవానిదగ్గర ఆల్బము తయారుచేయడం నేర్చుకున్నారు. చిన్నవాని దగ్గర నేర్చుకొనుట చిన్నతనము కాదు.

ఈ దారిలో నడవదలచినవారికి నాలుగు మాటలు. వడ్డీకి అప్పుతెచ్చి కెమెరా కొనవద్దు. దానితో ఖర్చు తీరదు, లెన్సు, కార్డులు, కంప్యూటరు వెంటే వస్తాయి. ముందు ఒక సీజను పెండ్లిళ్లకు ఎవరివెంటైనా సహాయకునిగా వెళ్లండి. ఏడాదిపాటు రాబడి, ఖర్చు ఒక నోటుబుక్కులో వ్రాసి ఇంటివారికి చూపండి. తీసిన ప్రతి ఫొటోను రెండు చోట్ల దాచండి.

ఇంటివారికీ ఒక మాట. ఒక మూల గది ఇవ్వండి. మొదటి ఏడాది ఫొటోలు చూచి నవ్వవద్దు, బాగోలేనిదానిని బాగుందనీ చెప్పవద్దు.

కుర్రవారికి లేని బలమొకటి నడివయస్సువారికున్నది. ఊరిలో ఎవరు ఎవరికేమవుతారో వారికి తెలుసు. అప్పగింతలప్పుడు కన్నీరు దాచుకొనుటకు ఏ మేనమామ పక్కకు తిరుగుతాడో తెలుసు. ముసలివారు వారి ఎదుట బిగుసుకొనరు. మన ఇండ్లలో ఎవరైనా కన్నుమూసినప్పుడు గోడకు పెట్టుటకు ఫొటో లేక, ఆధార్ కార్డుమీది బొమ్మను పెద్దదిచేసి పెట్టుకొనుట చూస్తూనే ఉన్నాము. కూలికి పోయి చేతులు కాయలుకాచిన తల్లి ముఖము ఆ కార్డులో ఎక్కడున్నది?

కాబట్టి నేర్చుకొనగోరే సహోదరులారా, సహోదరీలారా, కొత్త కెమెరా వచ్చేదాక ఆగవద్దు. ఉన్న ఫోనుతోనే మొదలుపెట్టండి. ఈ వారము మీ వీధిలోని ముసలమ్మనొకరిని అడిగి, వాకిట వెలుగులో కూర్చోబెట్టి, తొందరపడక ఫొటో తీయండి. దానిని కాగితముమీద అచ్చువేయించి ఆమె చేతికివ్వండి. ఆమె దానిని ఎంతసేపు చూస్తుందో గమనించండి. ఈ పని మీకు తగునో లేదో అక్కడ కొంత తెలుస్తుంది.