‘ఏం గాదులే’ అనకండి

మా నల్లగొండ వైపు నాట్లేసేటప్పుడు కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే, ఆడవాళ్లు ఇంత పసుపు అద్ది ‘ఏం గాదులే’ అంటూ మళ్లీ పొలంలో దిగడం మామూలే. పసుపు గొప్పదే. దానితో గాయం మాన్పడంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన సి.ఎస్.ఐ.ఆర్. 1997లో రద్దు చేయించింది కూడా. కానీ చీము పట్టిన పుండుకు పసుపు చాలదు.

అలాంటి పుండ్ల కోసమే శాస్త్రవేత్తలు ‘తెలివైన’ హైడ్రోజెల్‌లు తయారుచేస్తున్నారు. నీటిని పట్టి ఉంచే ఈ మెత్తటి జెల్, పుండు ఎండిపోకుండా కాపాడుతుంది. సూక్ష్మజీవులు పెరిగి పుండులో ఆమ్ల, క్షార గుణం మారితే పసిగట్టి మందు వదిలేవీ వాటిలో ఉన్నాయి. సంతోషమే! అయితే అవి పట్నం ఆస్పత్రుల్లోనే ఆగిపోకుండా, మండలంలోని ఆరోగ్య కేంద్రానికి చౌకగా చేరాలి. లేకపోతే కూలికెళ్లే అక్కకు ఏం ఒరుగుతుంది?

అవి వచ్చేదాకా, ముఖ్యంగా షుగరున్నవాళ్లం, రోజూ అరికాళ్లు చూసుకుందాం. నొప్పి లేదని ఊరుకోకుండా, పుండు కనబడితే డాక్టరు దగ్గరికి వెళ్దాం.