పాత విమాన ఫొటోలను వెలికి తీయాలి

మిల్లులు, రైల్వే యార్డులు పనిచేస్తున్నంత కాలం వాటిని ఫొటో తీసి భద్రపరచాలని ఎవరికీ తోచదు. మూతపడి, పొగగొట్టాలు కూలిన తరువాత వెతికితే గేటు ముందు దిగిన గ్రూపు ఫొటో తప్ప ఏమీ దొరకదు. ఈ విషయంలో బ్రిటన్ కొంత అదృష్టం చేసుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1919లో, ఫ్రాన్సిస్ విల్స్, క్లాడ్ గ్రాహం వైట్ అనే ఇద్దరు లండన్ శివారు హెండన్‌లో ఏరోఫిల్మ్స్ కంపెనీని స్థాపించారు. యుద్ధంలో శత్రువుల కందకాలను కనిపెట్టడానికి వాడిన విద్యనే వ్యాపారంగా మార్చారు. నిట్టనిలువుగా కిందికి తీసిన ఫొటో పటంలా ఉంటుంది. వీరు ఎక్కువగా ఏటవాలుగా తీసేవారు. అందువల్ల పొగగొట్టాల ఎత్తు, రంపపు పళ్లలాంటి మిల్లు కప్పులు, యార్డులోకి చీలిన సైడింగు లైన్లు, పక్కనే కార్మికుల ఇళ్ల వరుసలు అన్నీ కనిపిస్తాయి. ఫ్యాక్టరీల వారు వీటిని ప్రకటనల కోసం కొనేవారు. అచ్చుకు ఏ భాగం తీసుకోవాలో గీసిన గుర్తులు కొన్ని నెగెటివ్‌ల మీద నేటికీ ఉన్నాయి.

అమ్మకానికి తీసినవే చివరికి చరిత్రకు సాక్ష్యాలయ్యాయి. 1963లో బీచింగ్ నివేదిక 2,000కు పైగా రైల్వే స్టేషన్లను మూసివేయాలని సిఫార్సు చేసింది. 1843లో మొదలైన స్విండన్ రైల్వే కర్మాగారం 1986లో మూతపడింది.

ఈ ఫొటోల భాండారాన్ని 2007లో ఇంగ్లండు, స్కాట్లండ్, వేల్స్‌లకు చెందిన వారసత్వ సంస్థలు కలిసి కొన్నాయి. లాటరీ నిధుల సాయంతో 1919-1953 మధ్య కాలపు ఫొటోలు సుమారు 95,000 కంప్యూటర్‌కు ఎక్కించి 2014 నాటికి ప్రజల ముందుంచాయి. ఏ ఊరివో తెలియని ఫొటోలను మూలన పడవేయలేదు. ఎక్కడివో చెప్పమని ప్రజలనే అడిగాయి. ఎందరో గుర్తుపట్టి చెప్పారు. విశేషమేమంటే ఇంగ్లండు వారసత్వ సంస్థ భాండాగారం స్విండన్‌లోని పాత రైల్వే భవనంలోనే నడుస్తున్నది.

ఇది పాత ముచ్చట్ల సరదా మాత్రమే కాదు. మూతపడిన ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లు కట్టే ముందు, తారు గుంటలు, చమురు ట్యాంకులు, చెత్త పూడ్చిన గోతులు ఎక్కడ ఉండేవో ఇటువంటి ఫొటోలు చూసే తెలుసుకుంటారు.

మనకూ ఈ పని చేసే అవకాశం లేకపోలేదు. విమాన సర్వేలు చేసే జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 1974లో ఏర్పడి హైదరాబాద్ నుంచే పనిచేస్తున్నది. పటాల నిబంధనలను కేంద్రం 2021లో సడలించింది. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఇవాళ పేరుకే మిగిలింది. అటువంటి చోట్ల రక్షణకు ఇబ్బంది కలిగించని పాత విమాన ఫొటోలను వెలికి తీసి జిల్లా గ్రంథాలయాల్లో ఉంచవలసిన అవసరం ఎంతైనా ఉంది. ఏ షెడ్డులో ఏ పని జరిగేదో, ఏ లైను ఎటు పోయేదో వేలు పెట్టి చూపగల పాత కార్మికులు, రిటైరైన రైల్వే ఉద్యోగులు ఇంకా కొందరు ఉన్నారు. ఫొటో మరో పదేళ్లు బీరువాలో ఉండగలదు. ఆ పెద్దలు అంతకాలం ఉంటారన్న భరోసా లేదు. అధికారులు జాప్యం చేయరాదు.